విండోస్ మళ్ళీ వేస్తే ఇంగ్లీషు వస్తుంది, తెలుగు రాదు

అమెరికాలో కొన్న కంప్యూటర్‌లో విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది. తెలుగు రాదు. మనం అడగాలి. మొదట్లో అది "ఏ దేశం?" అని అడుగుతుంది, యునైటెడ్ స్టేట్స్ అంటాం. "ఏ కీబోర్డు?" అంటుంది, ఇంగ్లీషు అంటాం. అక్కడితో దాని పని అయిపోతుంది. ఈ ఇంట్లో తెలుగు రాసేవాళ్ళు ఉన్నారని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో తెలుగు విని, పెద్దయ్యాక అక్షరాలు సొంతంగా నేర్చుకున్న మనలాంటివాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. హైదరాబాదులో ఉన్న నా కజిన్‌కి కీబోర్డు పోతే చిరాకు వస్తుంది, సాయంత్రానికి ఇంకోటి వేసుకుంటాడు. మనకి కీబోర్డు పోతే అలవాటు పోతుంది. "వీకెండ్‌లో చూద్దాం" అనుకుని వాట్సాప్‌లో అమ్మకి తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెడతాం. ఆ వీకెండ్ మూడు నెలలు అవుతుంది. తర్వాత 'ళ' రాయడానికి ఒక క్షణం ఆలోచించాల్సి వస్తుంది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి నాకు తెలిసినవాళ్ళలో చాలామంది పాత లాప్‌టాప్‌ని తుడిచి కొత్తగా సెట్ చేసుకుంటున్నారు. ప్రతి ఒక్కరూ ఒకే మాట అంటున్నారు: "అంతా బాగానే ఉంది, కానీ నా తెలుగు ప్రోగ్రాము కనిపించడం లేదు."

నా అభిప్రాయం ముందే చెప్తాను. పోయిన ప్రోగ్రాము వెంట పడకండి. ముందు మీరు రాసుకున్నది ఎక్కడుందో వెతకండి. తర్వాత, ఎప్పుడు పోయినా పావుగంటలో మళ్ళీ తెచ్చుకోగలిగిన పనిముట్లు మాత్రమే అలవాటు చేసుకోండి. ఎందుకో వివరంగా రాస్తాను.

ఏం పోతుంది, ఏం మిగులుతుంది

ఒక ప్రోగ్రాము అంటే ఒక ఫైలు కాదు. దాని భాగాలు కొన్ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. కొన్ని విండోస్ సొంత ఫోల్డర్లలో ఉంటాయి. ఏ భాగం ఎక్కడుందో చెప్పే వివరాలు రిజిస్ట్రీ అనే పెద్ద పట్టీలో ఉంటాయి. విండోస్ మళ్ళీ వేస్తే ఆ పట్టీ కొత్తది అవుతుంది. పాత ప్రోగ్రాము ఫోల్డర్‌ని తెచ్చి పెట్టినా చాలాసార్లు అది పనిచేయదు. పాత ఇంటి కుళాయిని పీకి కొత్త ఇంటికి తెచ్చినట్టు ఉంటుంది. కుళాయి మంచిదే, కానీ వెనక పైపు లేదు.

కానీ అన్నీ కుళాయిలు కావు. కొన్ని బిందెలు కూడా ఉంటాయి. బిందెని ఎత్తుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. మన వర్డ్ ఫైళ్ళు, ఫోటోలు, రికార్డింగులు బిందెలే. ఫాంట్లు కూడా బిందెలే. ఒక ఫాంటు సాధారణంగా ఒకే ఒక్క ఫైలు. దాన్ని కాపీ చేసి, రెండుసార్లు నొక్కి, ఇన్‌స్టాల్ అంటే చాలు. ఈ తేడా తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

ఎక్కడ వెతకాలి అనేది విండోస్ ఎలా వేశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కి "నా ఫైళ్ళు ఉంచు" అని ఎంచుకుంటే ఫైళ్ళు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. అప్పుడు డెస్క్‌టాప్ మీద 'రిమూవ్డ్ యాప్స్' అనే ఒక చిన్న ఫైలు కనిపిస్తుంది. ఏమేం తీసేసిందో విండోస్ అందులో రాసిపెడుతుంది. చాలామంది అది ఏదో చెత్త అనుకుని చెరిపేస్తారు. చెరపకండి. మీ ప్రోగ్రాముల పేర్లు అన్నీ ఒకేచోట దొరికేది అక్కడే.

డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా పాత విండోస్ మీదే కొత్తది వేస్తే, పాతదంతా సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. పాత యూజర్ ఫోల్డర్లు, పాత ఫాంట్లు అక్కడే ఉంటాయి. అయితే ఇది ఎప్పటికీ ఉండదు. విండోస్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు వచ్చే ఈ ఫోల్డర్‌ని 10 రోజుల తర్వాత విండోసే చెరిపేస్తుంది. అందుకని మొదటి రోజే తెరిచి చూడండి, కావలసినవి వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి వేస్తే ఇవి రెండూ ఉండవు. అప్పుడు వేరే చోట దాచుకున్న కాపీ మాత్రమే దిక్కు.

మనలో చాలామంది వాడే అంకి ఫ్లాష్‌కార్డుల గురించి ఒక మాట. అంకి ప్రోగ్రాము పోతే పోనివ్వండి, అది ఉచితం, మళ్ళీ వేసుకోవచ్చు. మీరు తయారుచేసుకున్న కార్డులు వేరే చోట ఉంటాయి. యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా అనే దాచిపెట్టిన ఫోల్డర్, అందులో రోమింగ్, అందులో 'అంకి2'. ఆ ఒక్క ఫోల్డర్‌ని విండోస్ డాట్ ఓల్డ్ లోంచి తెచ్చి, అంకి మూసి ఉన్నప్పుడు కొత్త చోట పెడితే కార్డులన్నీ తిరిగి వస్తాయి. అంకివెబ్‌తో ముందే సింక్ చేసి ఉంటే ఈ వెతుకులాట కూడా అక్కర్లేదు. జాగ్రత్త, రీసెట్‌లో "నా ఫైళ్ళు ఉంచు" అన్నప్పుడు యాప్‌డేటా మీద ఆశ పెట్టుకోకండి. మనం 'ఫైళ్ళు' అనుకునేవి, విండోస్ 'ఫైళ్ళు' అనుకునేవి ఒకటి కావు.

తెలుగు పోలేదు, నిద్రపోతోంది

ఇప్పుడు మంచి వార్త. విండోస్‌లో తెలుగు చదవడం, రాయడం రెండూ ముందే ఉన్నాయి. కాకపోతే లేపాలి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. విండోస్ 7లో వాణి వచ్చింది. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ ఉంది. ఇది ఒక్కటే చాలా భారతీయ లిపులని చూపిస్తుంది. అందుకే ఏ సెట్టింగూ మార్చకపోయినా ఇవాళ తెలుగు వెబ్ పేజీ తెరిస్తే డబ్బాలు కాకుండా అక్షరాలే కనిపిస్తాయి.

కానీ గౌతమి, వాణి సంగతి వేరు. విండోస్ 10 నుంచి ఇవి అందరికీ రావు. ఐచ్ఛిక ఫీచర్లలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే పేరుతో పక్కన పెట్టారు. ఐచ్ఛికం అంటే 'ఇష్టమైతే వేసుకోండి' అని. మీరు గౌతమిలో రాసుకున్న పాత నోట్సు, విండోస్ మళ్ళీ వేశాక వేరే అక్షరాలతో కనిపిస్తే, లైన్లు అటూ ఇటూ జరిగితే, కారణం ఇదే. ఫైలు పాడవలేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలపగానే ఆ ఫాంట్లు సాధారణంగా వాటంతట అవే దిగుతాయి. దిగకపోతే ఐచ్ఛిక ఫీచర్లలోకి వెళ్ళి వేసుకోవచ్చు.

కీబోర్డు కూడా అంతే. 2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ పది భారతీయ భాషలకి ఫొనెటిక్ కీబోర్డులు ఇచ్చింది. వాటిలో తెలుగు ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో మాట ఎలా పలుకుతుందో అలా కొడితే తెలుగు వస్తుంది. విడిగా ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్, అక్కడ తెలుగు కలపండి. తర్వాత దాని ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కలపండి. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి, మళ్ళీ ఇంగ్లీషుకి మారొచ్చు. మెనూలన్నీ తెలుగులోకి మారిపోతాయని భయపడకండి. డిస్‌ప్లే భాష ఇంగ్లీషుగానే ఉంచుకోవచ్చు.

మ్యాక్ వాడేవాళ్ళకి కూడా తెలుగు కీబోర్డులు సిస్టమ్‌తోనే వస్తాయి. అక్కడా ఇన్‌పుట్ సోర్సెస్‌లోకి వెళ్ళి మనమే కలుపుకోవాలి.

ఇక తిరిగి రానివి

కొన్ని మాత్రం నిజంగా రావు. విండోస్‌లో ఇంటర్నెట్ లేకుండా పనిచేసే గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ చాలామందికి ఇష్టం. గూగుల్ దాని డౌన్‌లోడ్‌ని ఎప్పుడో తీసేసింది. బ్రౌజర్‌లో వాడేది మాత్రమే మిగిలింది. మైక్రోసాఫ్ట్ ఇండిక్ లాంగ్వేజ్ ఇన్‌పుట్ టూల్ కూడా అలాగే పాతబడిపోయింది. ఇవి పాత కంప్యూటర్‌లో ఉన్నంతకాలం పనిచేస్తూ ఉంటాయి, కాబట్టి వాటిని నిలిపేశారని మనకి తెలియదు. విండోస్ మళ్ళీ వేసిన రోజున తెలుస్తుంది.

అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, ఆ పేరు పెట్టి ఇంటర్నెట్‌లో వెతుకుతారు. ఎవరో తెలియనివాళ్ళు ఎక్కడో పెట్టిన కాపీ దొరుకుతుంది. దాన్ని వేసుకుంటారు. నేను ఇది వద్దంటాను, గట్టిగా వద్దంటాను. కీబోర్డు ప్రోగ్రాము అంటే మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చూసే ప్రోగ్రాము. బ్యాంకు పాస్‌వర్డు కూడా దాని ముందునుంచే వెళ్తుంది. ఎవరు తయారుచేశారో, మధ్యలో ఎవరు మార్చారో తెలియని దాన్ని అక్కడ కూర్చోబెట్టడం తాళం చెవులు దారిన పోయేవాళ్ళకి ఇవ్వడమే.

"కానీ నా వేళ్ళు దానికే అలవాటుపడ్డాయి" అంటారు. అది నిజమైన కష్టమే, నేను కాదనను. కానీ కొత్త కీబోర్డుకి అలవాటుపడటానికి రెండు వారాలు పడుతుంది. ఎవరూ బాగుచేయని పాత ప్రోగ్రాముని పట్టుకుని వేలాడితే ప్రతిసారీ ఇదే కష్టం.

హ్యూస్టన్ అక్షరాలు ఇంకా ఎందుకు బతికి ఉన్నాయి

ఈ దేశంలో తెలుగుని కంప్యూటర్‌లో రాయాలన్న కోరిక మనతో మొదలవలేదు. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ ఉంది. మన ముందుతరం తెలుగు విద్యార్థులు అక్కడ ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. మొదటి అక్షరం ఆర్ అంటే రైస్. మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. చిన్న ఎల్ అయితే 'ల', పెద్ద ఎల్ అయితే 'ళ'. అప్పట్లో ఈమెయిల్‌లో తెలుగు అక్షరాలు వెళ్ళవు కాబట్టి వాళ్ళు ఈ పద్ధతిలోనే ఒకరికొకరు రాసుకున్నారు.

ఆ రోజుల కంప్యూటర్లు ఎప్పుడో చెత్తబుట్టలోకి వెళ్ళాయి. కానీ ఆర్‌టీఎస్‌లో రాసిన మాటలని ఇవాళ ఏ కంప్యూటర్‌లో తెరిచినా చదవొచ్చు. ఎందుకంటే అది ఏ ఒక్క ప్రోగ్రాము మీదా ఆధారపడలేదు. అది ఒక ప్రోగ్రాము కాదు, ఒక ఒప్పందం. ఏ అక్షరానికి ఏ గుర్తు అని అందరికీ తెలుసు. అందుకే దాన్ని ఎవరైనా మళ్ళీ తయారుచేయగలిగారు. బ్రౌజర్‌లో నడిచే లేఖినిలో అలాంటి పద్ధతే ఉంది. లినక్స్‌లో ఎం17ఎన్ అనే ఉచిత కీబోర్డుల సంచిలో ఆర్‌టీఎస్ అనే పేరుతోనే ఉంది. లినక్స్ మళ్ళీ వేస్తే ఐబస్‌తో పాటు దాన్ని వేసుకోవడమే.

యూనికోడ్ కూడా ఒక ఒప్పందమే, ఇంకా పెద్దది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటు ఉంది. తెలుగు కోసం 128 గడులు కేటాయించారు. 'క' అంటే ఏ గడి అనేది విండోస్‌కి, మ్యాక్‌కి, ఫోనుకి, లినక్స్‌కి అన్నిటికీ ఒకటే. మీరు రాసింది యూనికోడ్‌లో ఉంటే, రాసిన ప్రోగ్రాము పోయినా రాసింది ఉంటుంది.

యూనికోడ్ కాని ఫాంట్లతో ఈ భరోసా లేదు. ఆంధ్రలో, తెలంగాణలో డీటీపీ సెంటర్లన్నీ చాలా ఏళ్ళు అను లాంటి ఫాంట్లతో పనిచేశాయి. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు వాటితోనే వచ్చాయి. అక్షరాలు అందంగా ఉంటాయి, అందులో సందేహం లేదు. ఆ కాలానికి అది అవసరం కూడా. కానీ ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెడతారు. తలకట్టు ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఆ ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది. లేకపోతే కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బయటపడతాయి.

మా తాతయ్య అరవై పేజీలు

ఇది నాకు పుస్తకంలో తెలిసిన విషయం కాదు. మా తాతయ్య తన జ్ఞాపకాలు కాగితాల మీద రాశారు. 2004లో తెనాలిలో ఒక డీటీపీ సెంటర్‌లో వాటిని టైప్ చేయించారు. అరవై పేజీలు. అచ్చు వేయించాలనుకున్నారు, కుదరలేదు. కాగితాలు తర్వాత ఇల్లు మారినప్పుడు పోయాయి. వర్డ్ ఫైలు మాత్రం సీడీలో మా నాన్నకి వచ్చింది, ఆ ఫాంట్లతో సహా. నాన్న లాప్‌టాప్‌లో అది ఏళ్ళ తరబడి బాగానే తెరుచుకునేది.

మొన్న ఆ లాప్‌టాప్ ఆన్ అవ్వకపోతే ఇక్కడ ఒక రిపేరు షాపులో ఇచ్చాం. విండోస్ మళ్ళీ వేసి ఇచ్చారు. ఫైళ్ళన్నీ ఉన్నాయి. తాతయ్య ఫైలు తెరిస్తే అరవై పేజీలూ ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు. సీడీ వెతికితే కంప్యూటర్ దాన్ని చదవలేకపోయింది.

ఆ వారమే తెనాలి నుంచి పెదనాన్న ఫోన్ చేశారు.

"ఏమ్మా, తాతయ్య రాసినవి చదువుతున్నావా?"

"లేదు పెదనాన్నా, ఫైలు తెరిస్తే తెలుగు కనిపించడం లేదు."

"అయితే పోయినట్టేనా?"

"పోలేదండీ. ఫాంటు లేదు, అంతే. వెతుకుతున్నాను."

"వెతుకమ్మా. నా దగ్గర కూడా లేవు అవి."

నేను ఆ డీటీపీ ప్రోగ్రాముని వెతకలేదు. వర్డ్‌లో పైన ఫాంటు పేరు ఉండే చిన్న గడి చూశాను. ఫాంటు లేకపోయినా దాని పేరు అక్కడ అలాగే ఉంటుంది. ఆ పేరు కాగితం మీద రాసుకున్నాను. షాపువాళ్ళు డిస్క్ ఫార్మాట్ చేయలేదు కాబట్టి విండోస్ డాట్ ఓల్డ్ ఉంది. అందులో విండోస్, అందులో ఫాంట్స్. ఆ పేరుతో ఉన్న ఫైళ్ళు రెండు దొరికాయి. కాపీ చేసి ఇన్‌స్టాల్ చేసి, వర్డ్ మూసి మళ్ళీ తెరిచాను. మొదటి లైనులో తాతయ్య ఊరి పేరు తెలుగులో కనిపించింది.

అక్కడితో ఆపలేదు. ఆపితే వచ్చేసారి మళ్ళీ ఇదే కథ. ముందు ఉన్నది ఉన్నట్టు పీడీఎఫ్ చేశాను. పీడీఎఫ్‌లో ఫాంటు కలిసిపోయి ఉంటుంది, కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా అలాగే కనిపిస్తుంది. తర్వాత పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చే ఒక కన్వర్టర్‌లో వేశాను. అది తొంభై శాతం చేస్తుంది అనుకోండి, మిగతాది మనమే చేయాలి. కొన్ని వత్తులు పక్క అక్షరానికి వెళ్ళాయి. కొన్ని అంకెలు గుర్తులయ్యాయి. పీడీఎఫ్ ఒక పక్క, యూనికోడ్ ఫైలు ఇంకో పక్క పెట్టుకుని రోజుకి ఒక పేజీ సరిచేస్తున్నాను.

ఇది నాకు ఇంతవరకు దొరికిన తెలుగు పాఠాల్లో అన్నిటికంటే మంచిది. గాదె అంటే ధాన్యం నిలవచేసే చోటు అని, కౌలు అంటే వేరేవాళ్ళ పొలం డబ్బుకో ధాన్యానికో తీసుకుని సాగుచేయడం అని, మకాం పెట్టడం అంటే కొన్నాళ్ళు ఒకచోట ఉండటం అని ఇందులోనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ ఫైలులో మాటలు వెతకొచ్చు, కాపీ చేసి బ్రౌన్ నిఘంటువులో చూడొచ్చు, ఫోనులో పెదనాన్నకి పంపొచ్చు. పాత ఫాంటులో ఉన్నప్పుడు వీటిలో ఏదీ కుదిరేది కాదు. అప్పుడు అది తెలుగులా కనిపించే బొమ్మ. ఇప్పుడు తెలుగు.

"అంతా ఆన్‌లైన్‌లోనే ఉందిగా" అనేవాళ్ళకి

దీనికి ఎదురుమాట ఒకటి ఎప్పుడూ వింటాను. కంప్యూటర్‌లో ఏదీ పెట్టుకోకు, అంతా బ్రౌజర్‌లోనే చెయ్యి, ఫోనులో జీబోర్డు ఉంది, ఇంకేం కావాలి అని. ఇందులో సగం నిజం ఉంది. షికాగో యూనివర్సిటీ వాళ్ళు బ్రౌన్ నిఘంటువుని, గ్విన్ నిఘంటువుని ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆంధ్రభారతిలో ఎన్నో నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. వీటిని నేను నా కంప్యూటర్‌లో పెట్టుకోవాలనుకోను. విండోస్ ఎన్నిసార్లు వేసినా వీటికి ఏమీ కాదు.

కానీ రాయడం వేరు. ఫోనులో మనం చిన్న చిన్న మాటలే రాస్తాం. నాలుగు పేజీల ఉత్తరం, కథ, అమ్మమ్మ చెప్పిన వంట విధానం కీబోర్డు ముందు కూర్చుంటేనే వస్తాయి, కనీసం నాకు. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో ఉన్నది కూడా ఎవరో ఒకరు నడుపుతున్నదే. వాళ్ళు ఆపేస్తే అదీ పోతుంది. అప్పుడు విండోస్ డాట్ ఓల్డ్ లాంటి ఫోల్డర్ కూడా ఉండదు.

అందుకే నా లెక్క ఇది. వెతకడానికి ఆన్‌లైన్, రాయడానికి సిస్టమ్‌తో వచ్చే కీబోర్డు, దాచుకోవడానికి యూనికోడ్ ఫైలు. ఓపిక ఉన్నవాళ్ళకి ఇంకో సలహా: ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అది భారత ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడి చేతి వైపు హల్లులు. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలో ఉంటుంది. మొదటి నెల విసుగు వస్తుంది. కానీ ఇంగ్లీషు స్పెల్లింగ్ గుండా వెళ్ళకుండా నేరుగా తెలుగు అక్షరాల్లో ఆలోచించడం వస్తుంది. 'త'కి, 'ట'కి తేడా చెవికంటే ముందు వేలికి తెలుస్తుంది. వేళ్ళు నేర్చుకున్నదాన్ని ఏ రీఇన్‌స్టాల్ చెరపలేదు.

ఫాంట్ల విషయంలో కూడా ఇదే సూత్రం. మళ్ళీ సులువుగా, హక్కుగా దొరికేవి వాడండి. మండలి, గిడుగు, గురజాడ, ఎన్‌టీఆర్, సూరన్న లాంటి ఫాంట్లని కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర ఉచిత లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు లినక్స్‌తో కూడా వస్తాయి. ఇవి పోతే బాధపడక్కర్లేదు. వెళ్ళి మళ్ళీ తెచ్చుకోవడమే.

ఇవాళే చేయగల పని

విండోస్ 11లో వింగెట్ అనేది ఉంటుంది. దాని ఎక్స్‌పోర్ట్ ఆదేశంతో మీ ప్రోగ్రాముల జాబితా ఒక ఫైలులోకి వస్తుంది. తర్వాత ఇంపోర్ట్ ఆదేశంతో అవన్నీ మళ్ళీ వేయించుకోవచ్చు. బాగుంటుంది, కానీ దానికి తెలిసిన ప్రోగ్రాములే ఆ జాబితాలోకి వస్తాయి. మీరు కలుపుకున్న భాష, కీబోర్డు సెట్టింగులు రావు. అంటే మళ్ళీ తెలుగే బయట ఉండిపోతుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకోండి. నిజంగానే కాగితం. మీ తెలుగు దేని మీద నడుస్తోందో దాని మీద రాయండి, తెలుగులోనే రాయండి. నా కాగితం మీద ఇలా ఉంది: తెలుగు భాష కలపాలి. ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు కలపాలి. గౌతమి వచ్చిందో లేదో చూడాలి. మండలి, సూరన్న గూగుల్ ఫాంట్స్ నుంచి తేవాలి. అంకి వేసి సింక్ చేయాలి. తాతయ్య ఫైలు, దాని ఫాంట్లు, పీడీఎఫ్ బయటి డ్రైవ్‌లో ఉన్నాయి, ఒక కాపీ పెదనాన్న దగ్గర ఉంది.

రాసేటప్పుడు ప్రతి లైను దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: రేపు ఇది పోతే ఎక్కడి నుంచి తెస్తాను? జవాబు వెంటనే రాకపోతే ఆ పనిముట్టుని ఇప్పుడే, అది ఇంకా పనిచేస్తుండగానే, మార్చుకోండి. పాత ఫాంటులో ఉన్న ఫైళ్ళు మీ ఇంట్లో ఉంటే, అవి ఇంకా తెరుచుకుంటుండగానే యూనికోడ్‌లోకి మార్చండి. అమ్మానాన్నల లాప్‌టాప్‌లో కూడా చూడండి. వాళ్ళు విండోస్ 10 మీదే ఉంటే, దాన్ని ఎవరైనా తుడవకముందే చూడండి.

నాకు ఇంకా పంతొమ్మిది పేజీలు ఉన్నాయి.